అడవిదారులు – వాసన పట్టు యంత్రములు

వాజేడు మండలములోని కొంగాల అడవికి 2024 జూన్ మొదటివారమున వంటచెరకు కొరకు పోయిన యొక గ్రామస్థుడు మరల ఇల్లు చేరలేదు. పోలీసుల నుద్దేశించి త్రోవలో పాతిన ప్రెషర్ బాంబుపై అతని కాలు పడినది. ఏడాది తిరుగకమునుపే, 2025 మే 8వ తేదీన, అదే మండలపు అడవిలో మందుపాతర పేలి గ్రేహౌండ్స్ దళమువారు ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. ఈ వాజేడు, వెంకటాపురము మండలములు 2016 అక్టోబరు మొదలు 2019 ఫిబ్రవరి వరకు భూపాలపల్లి జిల్లాలోనివి. పిదప ములుగు జిల్లాలో చేరినవి. జిల్లాల హద్దులు మారినవి గాని అడవి మారలేదు. అందు పాతినదియు మారలేదు.

పోరు కడపటి ఘట్టమునకు వచ్చినదని పలువురు సంతోషించుచున్నారు. మేమును సంతోషించుచున్నాము. 2025 ఏప్రిల్, మే నెలలలో కర్రెగుట్టలపై జరిగిన గాలింపులో 450 మందుపాతరలు దొరికినవని కేంద్రబలముల యధికారులు ప్రకటించిరి. ఆ యేటి అక్టోబరులో పెద్దపల్లివాడగు మల్లోజుల వేణుగోపాలరావు అనుచరులతో గూడ గడ్చిరోలిలో ఆయుధములు విడిచెను. ఇక మిగిలిన ప్రశ్న యొకటి కలదు. తుపాకి పట్టినవాడు లొంగిపోవును, లేదా చచ్చిపోవును. వాడు పాతిన పాతర మాత్రము లొంగిపోవు నుత్తరువు ఎరుగదు. పాతినవాని స్థానము నెరిగినవారు అడవిలో నేలకూలినచో ఆ జాడ వారితోనే పోయినది. దొరికిన 450 లెక్క మనకు తెలిసినది. దొరకనివాని లెక్క ఎవరు చెప్పగలరు? తునికాకు కోయుటకు, ఇప్పపువ్వు ఏరుటకు, వెదురు నరకుటకు, తప్పిపోయిన గొడ్డును వెదకుటకు ఆ త్రోవలలో నడచువారు కోయలు, గొత్తికోయలు, బీదకాపులు. వారి ముందర ఏ దళమును నడువదు.

ఇట్టి సమయమున వాయువును పసిగట్టు పరికరములతో పేలుడు మందును కనిపెట్టవచ్చునను మాట దేశమంతట వినవచ్చుచున్నది. యంత్రమునకు ముక్కు మొలిపింతుమని విద్యావంతులనేకులు పరిశ్రమించుచున్నారు. ఈ ప్రయత్నమును మేము ఆహ్వానించుచున్నాము. ఐనను ఆ ముక్కు ఎంతటిదో, ఏ వాసన పట్టగలదో, ఏది పట్టలేదో ప్రజలు ముందుగా తెలిసికొనవలెను. తెలియనిచో ఒక డబ్బీని చేతబట్టుకొని వచ్చిన వర్తకుడు చెప్పినదే శాస్త్రమగును.

ఈ విషయమున మనవారికి గురువు భూపాలపల్లిలోనే యున్నాడు. కాకతీయ గనులలో దిగు సింగరేణి కార్మికుని యడిగిన చాలును. బొగ్గుపొరలనుండి వెలువడు మీథేనను వాయువునకు రంగు లేదు, వాసన లేదు. గాలిలో నది నూటికి ఐదుపాళ్లు మొదలు పదునైదుపాళ్ల వరకు కలిసినపుడు ఒక్క నిప్పురవ్వ చాలును. 1965 మే 28వ తేదీన ధన్‌బాద్ ప్రాంతమునకు సమీపమున నున్న ధోరి గనిలో జరిగిన పేలుడులో 268 మంది చనిపోయిరి. ఇంగ్లండులో 1815లో హంఫ్రీ డేవీ చేసిన జాలిదీపము ఈ యాపదను కనిపెట్టుటకు మొదటి కన్ను; దీపపుజ్వాలపై తేలు నీలికొసను చూచి వాయువెంత యున్నదో చెప్పెడివారు. విషవాయువునకు పంజరములోని కానరీ పిట్టను తోడు తీసికొని దిగెడివారు. బ్రిటిషు గనులలో ఆ పిట్టలకు 1986లో గాని విశ్రాంతి దొరకలేదు. నేడు ఆ పనిని ఒక చిన్నపూస చేయుచున్నది. పూస లోపల ప్లాటినపు తీగచుట్ట. పైన మంటను ప్రేరేపించు పూత. మీథేను సోకగానే పూసపై కాలును, తీగ వేడెక్కును, విద్యుత్తునకు తీగ యొసగు నిరోధము మారును, ముల్లు కదలును. గాలిలో నూటికి ఒకటింబావు పాలు దాటగానే అచట విద్యుత్తు నిలిపివేయవలెనని మన గనుల నిబంధన. ఈ పరికరమును గనివారు ఎప్పటికప్పుడు తెలిసిన పాళ్లు గల వాయువుతో సరిచూచుకొందురు. సరిచూడని పరికరమును నమ్మి ఎవడును లోనికి దిగడు. వాయుపరీక్షలో మొదటి ధర్మమిదియే; దీనిని పాఠకులు జ్ఞాపకముంచుకొనగోరెదము.

అయితే గనిలోని వాయువునకును పాతిన మందునకును నడుమ ఏనుగునకు దోమకు గల యంతరము కలదు. మీథేను వందపాళ్లలో ఒకటి రెండు కొలువవలసినది. ట్రైనైట్రోటొలుయీను అను మందు మూత తీసి యెదుట పెట్టినను చుట్టునున్న గాలిలో దాని యావిరి నూరుకోట్లపాళ్లలో కొన్ని పాళ్లు మాత్రమే. ఆర్.డి.ఎక్స్. అనబడునది మరియు పిసినారి. లక్షకోట్లలో కొన్ని పాళ్లకు మించి వదలదు. దానిని పాలక్యానులో నుంచి, ప్లాస్టిక్కుతో చుట్టి, జానెడు మన్ను కప్పినపిదప పైకి వచ్చున దెంత? మన్ను సైతము ఆవిరికి కావలివాడగును. బాగుగా నెండిన మన్ను ఆ యణువులను గట్టిగా పట్టియుంచును. తడి సోకినపుడు నీరు వానిని తొలగద్రోసి పైకి విడుచును. తునికాకుకోత చైత్ర వైశాఖముల యెండలలో గదా! జనము అడవిలో మిక్కిలిగా తిరుగు దినములలోనే నేల వాసనను బిగబట్టుకొని యుండునన్నమాట.

ఇంకొక చిక్కు. పూర్వము బావులలో, క్వారీలలో వాడిన జిలెటిన్ కడ్డీలలో నైట్రోగ్లిసరిను ఉండెడిది. అది ధారాళముగా నావిరి విడుచును. చేతబట్టినవానికి తలనొప్పి వచ్చుట మన బావిపనివారికి అనుభవమే. మందు పెట్టువానికి తలనొప్పి, యంత్రమునకు సులువు! 2004లో భారతప్రభుత్వము నైట్రోగ్లిసరినుతో చేసిన మందులను నిషేధించినది. పనివారి క్షేమము దృష్ట్యా అది మంచిపనియే. నేడు పల్లెలలో జిలెటిన్ అనునది పేరునకు మాత్రమే. లోపలిది చాలవరకు అమ్మోనియం నైట్రేటు కలిసిన ఎమల్షన్. దాని యావిరి స్వల్పము. వచ్చునది కొంత అమ్మోనియా. ఆ వాసన యూరియా చల్లిన మడిలోను, పశువుల కొట్టములోను కలదు. తగరపు ఆక్సైడుతో చేయు అగ్గువ పరికరములు సంతలో సులభముగా దొరకును. సారా వాసనకు, పొగకు, వంటగ్యాసుకు, అన్నింటికిని అవి ఒకే కూత కూయును. అట్టి దానిని పట్టుకొని మా మానుకోట తండాలలో తిరిగినచో మందుపాతర దొరకునో లేదో గాని గుడుంబా కుండలు మాత్రము తప్పక దొరకును. ఆబ్కారీవారికి పనికివచ్చునేమో!

మరి లోహమును పట్టు యంత్రములు లేవా యని యడుగవచ్చును. ఉన్నవి. కాని మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారము, గార్ల, గూడూరు ప్రాంతములు ఇనుపరాతికి ప్రసిద్ధములు. నేలయే ఇనుమైన తావున లోహశోధకము అడుగడుగునకు మొరగును. ఊరక మొరగు కుక్కను ఎవరు లక్ష్యపెట్టుదురు? అదియుగాక పాతరలు పాతువారు లోహమును తగ్గించు నేర్పును ఎరుగుదురు. కావుననే వాసన విద్య మనకు వలయును. లోహము లేకుండ పాతర చేయవచ్చును గాని మందు లేకుండ చేయలేరు.

ఈ విద్యలో అసలైన కృషి జరుగకపోలేదు. అమెరికాలో మసాచుసెట్స్ విద్యాలయమున తిమోతి స్వాగర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1990వ దశకమున ఒకవిధమైన వెలుగు పదార్థమును కల్పించెను. మందుయొక్క యణువొకటి తగిలినచో పొడుగైన గొలుసులోని వెలుగంతయు ఒక్కసారి ఆరును. దండలోని యొక దీపమార్పితే వరుసయంతయు ఆరినట్లు. ఆ తత్త్వముతో చేసిన పరికరములను ఇరాకు, ఆఫ్ఘనిస్థానములలో వాడిరి. మన విమానాశ్రయములలో పెట్టెను గుడ్డతో తుడిచి యంత్రములో పెట్టుట పలువురు చూచియుందురు. అది ఆవిరిని కాక అంటిన ధూళిని పరీక్షించుట. పుణెలోని రక్షణ పరిశోధనశాలవారును బెంగుళూరు విజ్ఞానమందిరమువారును కలిసి చేసిన ‘రైడర్-ఎక్స్’ అను పరికరమును 2020లో ప్రదర్శించిరి. హైదరాబాదు విశ్వవిద్యాలయములో రక్షణశాఖ తోడ్పాటుతో నెలకొన్న ఉన్నతశక్తి పదార్థముల పరిశోధనకేంద్రము లేజరు కిరణములతో మందుజాడ కనుగొను పనిలో ఎంతయో శ్రమించినది. మన యింటిలోనే విద్య యున్నది. వీనిలో పెక్కులు సంచిని, బండిని, మనిషి చేతిని పరీక్షించుటకు తగినవి. మన్ను క్రింది మందుకు ఇంకను చాలవు.

ఇప్పటికిని ఆ పనికి కుక్కను మించినది లేదు. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలము ఎడమగట్టు సొరంగము కూలినపుడు మన ప్రజలందరు కన్నులార చూచిరి. నేల లోపలికి చూచు రాడారు సూచించిన తావులలో త్రవ్వినవారికి నిరాశయే మిగిలెను. కేరళ పోలీసుల జాగిలములు చూపిన చోట మార్చి 9వ తేదీన మొదటి శవము బయటపడెను. శవమువాసన వేరు, మందువాసన వేరు. అయినను ముక్కుయొక్క పాటవము తెలియుటకు ఇది చాలును. కాంబోడియా దేశమున మగావా అను పెద్దజాతి ఎలుక తన సేవాకాలమంతటిలో వందకు పైగా పాతరలు మొదలైనవి కనిపెట్టినది; 2020లో బంగారు పతకము నందినది. ఎలుక తేలిక, పాతరపై నడచినను పేలదు. మొయినాబాదులోని మన యింటెలిజెన్సు శిక్షణాలయములో జాగిలముల శిక్షణ చాలకాలముగా జరుగుచున్నది. ఐతే కుక్కకు ఎండదెబ్బ తగులును, అలసట కలుగును. మిరపకల్లమునొద్ద దాని ముక్కు మొద్దుబారును. దానిని నడుపువాడు ప్రతి యడుగునకు ప్రాణమొడ్డవలెను. కుక్క యలసినచోట పనిచేయుటకును, ఆ మనిషిని పదిగజములు వెనుక నిలుపుటకును యంత్రము కావలెను. మేము యంత్రమును కోరుటకు కారణ మిదియే.

యంత్రమును కోరువారు మోసమునకు గురియగుటయు కలదు. జేమ్స్ మెక్కార్మిక్ అను ఆంగ్లవర్తకుడు పిడికి తగిలించిన తీగముక్కను బాంబుశోధకమని ఇరాకు ప్రభుత్వమునకు కోట్లకు అమ్మినాడు. గోల్ఫు బంతులు వెదకునని అమ్మెడి ఆటవస్తువు దానికి మూలము. లోపల విద్యుత్తు లేదు, పరికరము లేదు, ఏమియు లేదు. బాగ్దాదు నాకాలలో సిపాయిలు దానిని పట్టుకొని బండ్లను వదలుచుండిరి. ఆ బండ్లలో కొన్ని పేలుచుండెను. 2013 మేలో లండను న్యాయస్థానము వానికి పదియేండ్ల శిక్ష విధించినది. అప్పటికిని ఆ బొమ్మలు బాగ్దాదు వీధులలో మిగిలియే యుండెను; 2016 జూలైలో కరాదాలో ఘోరమైన పేలుడు జరిగినపిదప గాని అచటి ప్రధాని వానిని తీసివేయుమని యాజ్ఞాపింపలేదు. ఇంతమంది దొరలు, సేనాధిపతులు ఎట్లు మోసపోయిరి? పరీక్షింపక కొనిరి. కొనినవారు తమ తప్పు ఒప్పుకొనలేక దానినే సమర్థించిరి. మన కార్యాలయములలో టెండరు పిలుచునపుడు ధర తక్కువ యెవరిదో చూచు ఆచారము కలదు. మందు పట్టుట యెవరికి వచ్చునో చూచు ఆచారమును కలుగవలెను.

ఇంతవరకు పాతిన మందును గూర్చి చెప్పితిమి. పాతకమునుపు ఆ మందు ఎక్కడిది? 2006 ఫిబ్రవరి 9న బైలదిల్లాలో ప్రభుత్వసంస్థ మందుగిడ్డంగిపై బడి కాపలావారిలో ఎనిమిదిమందిని చంపి దాదాపు 19 టన్నుల మందును మావోయిస్టులు ఎత్తుకొనిపోయిరి. ఒక్కరాత్రి చోరీతో ఎన్ని యేండ్ల పాతరలకు సరంజామా దొరికెనో యోచింపుడు. పెద్దచోరీ పత్రికలకెక్కును. చిన్నచోరీలు ఎక్కవు. ఇచ్చట జనగామ పాఠకులతో నాలుగుమాటలు స్పష్టముగా చెప్పవలసియున్నది.

జనగామ మెరకసీమ. నీరు లోతున, రాయి పైన. బావి త్రవ్వుటయనగా రాతితో యుద్ధమే. లింగాలఘనపురము, రఘునాథపల్లి, బచ్చన్నపేట పల్లెలలో కంప్రెషరు బండి వచ్చి రంధ్రములు కొట్టి, తూటాలు దట్టించి పేల్చుట ఎరుగని రైతు లేడు. కంకరక్వారీలలో నిది నిత్యకృత్యము. తూటాలు తెచ్చువాడు అనుమతి గలవాడా, కడ్డీలెన్ని తెచ్చె, ఎన్ని పేలె, మిగిలినవి ఏమయ్యెనని యడిగిన భూస్వామి యెంతమంది? మిగిలిన రెండు కడ్డీలు, నాలుగు డిటొనేటర్లు గడ్డివాములోనో, పశువులకొట్టపు చూరులోనో చెక్కబడుచున్నవి. పిల్లవాడు వానిని తీసి ఆడుకొనును. చేపలకు చెరువులో వేయువాడొకడు, అడవిపందికి ఎరలో పెట్టువాడొకడు కొనిపోవును. ఆపైని చేతులు మారుట కెంత సేపు? 2012లో వచ్చిన అమ్మోనియం నైట్రేటు నిబంధనలు, 2008 నాటి పేలుడుపదార్థముల నిబంధనలు ప్రతి మూటకు లెక్క కోరుచున్నవి. లెక్క పుస్తకములో సరిగా నుండును, కొట్టములో నుండదు. వేలరూపాయల యంత్రము చేయలేని పనిని బావిగట్టున నిలిచిన యజమాని ఒక ప్రశ్నతో చేయగలడు. మా పాఠకులలో పొలములున్నవారు పెక్కురు గావున ఈ మాట వారిని నొప్పించినను వ్రాయక తప్పలేదు.

మందునకు పుట్టుకలోనే వాసన పెట్టు ఉపాయమొకటి కలదు. 1988లో స్కాట్లండులోని లాకర్బీ గ్రామముపై విమానము పేల్చబడి 270 మంది మరణించిరి. పెట్టెలోని ప్లాస్టిక్ మందును ఏ యంత్రమును కనిపెట్టలేకపోయెను. తరువాత 1991లో మాంట్రియలు నగరమున రాజ్యములు కూడి, ప్లాస్టిక్ మందు తయారగునపుడే బాగుగా నావిరియగు వేరొక పదార్థమును కలుపవలెనని యొడంబడిక చేసికొనినవి. వంటగ్యాసులో దుర్వాసన కలిపినట్లే. కాని ఆ కట్టుబాటు ప్లాస్టిక్ మందులకే. బావులకు, క్వారీలకు పోవు ఎమల్షనునకు వర్తింపదు. అడవిలో పాతినదానిలో ఎక్కువ భాగము ఈ రెండవజాతిదే కాబట్టి గనుల మందునకును అట్టి యానవాలు కలుపుట సాధ్యమా, ఖర్చెంత, గనివారి క్షేమమునకు భంగము కలుగునా అని నాగపూరులోని పేలుడుపదార్థముల శాఖవారు విచారింపవలెనని మేము కోరుచున్నాము. మందును అమితముగా వాడు సింగరేణి సంస్థ ఈ పరీక్షకు ముందు నిలిచినచో గొప్ప మేలగును.

పరికరములను కొనకమునుపు వానిని మన నేలపై పరీక్షింపవలెను. భూపాలపల్లి, మహాముత్తారము, పలిమెల అడవులలో కంచె వేసిన యొక చెలకను తీసికొని, పేలని విధముగా చేసిన మందుముద్దలను వేరువేరు లోతులలో పాతి, ఒక యేడాది మొత్తము, ఎండలో, తొలకరిలో, మంచులో, యంత్రమును కుక్కను ప్రక్కప్రక్కన నడిపింపవలెను. ఎక్కడ పాతిరో నడుపువానికి తెలియరాదు. ఎన్ని దొరికినవి, ఎన్ని తప్పినవి, ఊరక ఎన్నిసార్లు కూసినది, ఈ మూడును ప్రజలయెదుట ప్రకటింపవలెను. విశ్వవిద్యాలయమువారు పరికరము తెత్తురు, మొయినాబాదువారు జాగిలములను తెత్తురు. ప్రతిదినము పరికరమును సరిచూచుట యెట్లో నేర్పుటకు కాకతీయ గనుల వాయుపరీక్షకులు చాలుదురు. మీథేనుతో నలుబదియేండ్లు సంసారము చేసిన విశ్రాంత ఉద్యోగులు భూపాలపల్లిలో వీధికొకరు కలరు.

లొంగిపోయినవారికి ప్రభుత్వము డబ్బు ఇచ్చుచున్నది, ఇండ్లు ఇత్తుమని చెప్పుచున్నది. వారిని శిక్షాభయము లేకుండ కూర్చుండబెట్టి, ఎవరు ఏ వాగుదగ్గర, ఏ చెట్టుమొదట ఏమి పాతిరో పటముపై గుర్తు పెట్టించుట యంతకంటె ముఖ్యము. జ్ఞాపకము మసకబారకమునుపే ఈ పని జరుగవలెను. వానలకు వాగు దారి మార్చును, చెట్టు కూలును. ఆ పటము పోలీసుకచ్చేరీ బీరువాలోనే యుండిపోరాదు.

తునికాకు కల్లముల వేలములు ఆకుకోతకు ముందే ముగియును. కంట్రాక్టరు వచ్చి కట్టకు ధర చెప్పును, కూలీలు తెల్లవారకమునుపే అడవి కెక్కుదురు. ఈ సారి వారెక్కకమునుపు, ఏ కల్లమునకు పోవు ఏ త్రోవ వెదకబడినది, ఏది వెదకబడలేదు, ఎవరు ఏ తేదీన వెదకిరి అను పట్టికను తెలుగున, కోయభాషలో చదివి వినిపించి, ప్రతి పంచాయతీ గోడకు అంటింపవలెను. వెదకని త్రోవపై ఆకు కోయవద్దనుచో ఆ కూలికి బదులు కూలి యెవరిచ్చెదరో కూడ ఆ కాగితముపైననే వ్రాయవలెను.